ఫ్యాను ఆపిన గది

ముందు ఫ్యాను ఆపాలి.
మే నెల, గుంటూరు, బ్రాడీపేట.
రాత్రి పదకొండయినా గోడలు ఇంకా పగటినే కక్కుతుంటాయి.
అయినా ఆపాలి.
తర్వాత ఫ్రిజ్జు.
"రాగానికి పాలు బలి" అని సుగుణ రెండుసార్లు అంది,
మూడోసారి అనకుండా పెరుగు తోడేసింది.
గోడ గడియారం దించి తువ్వాల్లో చుట్టి
బీరువాలో పెడతాను.
ఇంత చేసినా వీధిలో కుక్క ఉంటుంది.
దానికి నేనేం చెప్పగలను.

పగలంతా నా ఉద్యోగం కోల్డ్ స్టోరేజీలో,
మిర్చి బస్తాల మధ్య, కంప్రెసర్ల మధ్య.
అక్కడ చప్పుడుకి హెచ్చూ తగ్గూ లేదు.
ఒకే గీత.
పొద్దున ఎనిమిదికి చెవిలో దూరి
సాయంత్రం బండి స్టార్టు చేశాక కూడా దిగదు.
టీ బంకులో రేడియో సంగతీ అంతే,
గుసగుసనీ గావుకేకనీ ఒకే పెట్టెతో రుద్ది
ఇస్త్రీ చేసి మడతపెట్టిన పాటలు.

ఈ డిస్కు అలాంటిది కాదు.
రెండు నాదస్వరాలు, వెనక డోలు.
ఎవరో పుణ్యాత్ముడు హాల్లో ఒకే మైకు పెట్టి
ఏదీ కత్తిరించకుండా, ఏదీ పెంచకుండా
ఉన్నది ఉన్నట్టు పట్టి వదిలేశాడు.
మొదటి నాలుగు నిమిషాలు తోడి,
తలుపు సందులోంచి పడే వెలుతురంత.
వాల్యూం తొమ్మిదింటి దగ్గర పెడితే అసలు లేదు.
పదకొండింటికి తిప్పితే
ఊదబోయే ముందు అతను తీసే ఊపిరి ఉంది,
శ్రుతి పట్టినవాడి కుర్చీ కిర్రుమనడం ఉంది.
కానీ పదకొండింటికి తిప్పితే
ఐదో నిమిషంలో డోలు కూడా ఉంది.

పై వాటాలో వరూధినమ్మగారి ఇత్తడి గ్లాసులు
స్టాండులో ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.
మర్నాడు మెట్ల మీద ఆవిడ:
"రాత్రి మీ ఇంట్లో పెళ్లా?"
"కాదండీ, తోడి."
"ఎవరికి తోడు?"

మిరపకాయ కొరికిన వెంటనే ఏమీ ఉండదు.
కాస్త తీపి, పళ్ల మధ్య గింజ చిట్లడం.
వస్తోందని తెలిసేది ఆ ఖాళీలోనే.
యార్డుకొచ్చే పాత వ్యాపారులు అప్పుడు కళ్లు మూస్తారు.
నేను నాలుగో నిమిషం చివర మూస్తాను.

స్పీకరు పెట్టెలు చేసింది నల్లపాడు యేసోబు.
అతనిది శవపేటికల పని.
కొలతలు గీసిన కాగితం ఇస్తే
తిప్పి తిప్పి చూసి అడిగాడు:
"లోపల ఖాళీ ఎంత ఉండాలి సార్?"
యాభై లీటర్లన్నాను.
ఖాళీని కూడా లీటర్లలో పోస్తారా అని
చెవి మీద పెన్సిలు తీస్తూ నవ్వాడు.

చివరి వాయిదా డబ్బుకి వచ్చిన రాత్రి
కూర్చోబెట్టాను. ఫ్యాను ఆపాను.
అతని చొక్కా వీపుకి అంటుకుంది, నాదీ.
తోడి మొదలైంది.
ఏమీ వినపడక అతను ముందుకి వంగాడు.
ఇంకా వంగాడు.
ఆ సన్నటి దారం తెగిపోతుందేమోనని
ఇద్దరం మింగడం కూడా మానేశాం.
కుక్క కూడా ఎందుకో ఊరుకుంది.

డోలు.

గది లేచి నా ఛాతీలో కూర్చుంది.
యేసోబు అదిరిపడ్డాడు, సిగ్గుపడ్డాడు, లేచి వెళ్లి
ఎడమ పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు.
చాలాసేపు తియ్యలేదు.
ఇప్పుడేదో గొప్ప మాట అంటాడు,
రేపు నలుగురికి చెప్పుకోవచ్చనుకున్నాను.
"వెనక చెక్కలో ఒక స్క్రూ వదులైంది సార్" అన్నాడు.

ఆరు నెలలుగా ఆ టికటిక
డోలువాడి వేలితొడుగుల చప్పుడనుకుని
నా చెవుల్ని నేనే మెచ్చుకుంటున్నాను.

జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి బిగించాడు.
మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నాడు.
ఊపిరి. కుర్చీ. వెలుతురంత తోడి.
డోలు పడింది.
ఈసారి టికటిక లేదు. దాని చోటులో
దెబ్బకీ దెబ్బకీ నడుమ
ఆ హాలు ఎంత పెద్దదో వినిపించింది,
దాని కప్పు ఎత్తు, చివరి వరసల వెనక గోడ,
అక్కడిదాకా వెళ్లి తిరిగొచ్చే దూరం.

యేసోబు కణతల మీద చెమట కారుతోంది.
"ఫ్యాను వెయ్యనా?" అన్నాను.
ఇటు చూడకుండానే, ఆగమని
వేలు ఎత్తాడు.